ఏ వీసా మీద ఈ ఫోటో?

డాలస్ శివార్లలో ఓ శనివారం సాయంత్రం. అద్దెకు తీసుకున్న హాల్లో ఓణీల ఫంక్షన్. అరిటాకులు కట్టిన స్టేజీ, వెనక బంతిపూల తెర, పీట మీద కొత్త లంగా ఓణీలో తల వంచుకున్న అమ్మాయి. ఎదురుగా మోకాలి మీద కూర్చుని ఓ కుర్రాడు ఫోకస్ సరిచేసుకుంటున్నాడు. ఊళ్లో మేనమామ స్టూడియోలో పదిహేనేళ్ల వయసు నుంచీ నేర్చుకున్న పని అది. అక్షింతలు వేసే చేయి ఎప్పుడు లేస్తుందో, అమ్మమ్మ కళ్లలో నీళ్లు ఎప్పుడు తిరుగుతాయో అతనికి ముందే తెలుస్తుంది. వారమంతా కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ క్లాసులు, శని ఆదివారాలు ఇలాంటి ఫంక్షన్లు. రాత్రి పదింటికి అమ్మాయి తండ్రి ఫోన్ తీసి 600 డాలర్లు పంపిస్తాడు. "అదరగొట్టావు తమ్ముడూ, వచ్చే నెల మా ఫ్రెండ్ వాళ్లింట్లో సీమంతం, నీకే చెప్తాను" అంటాడు.

న్యూజెర్సీ, అట్లాంటా, బే ఏరియా... తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఏ చోట చూసినా ఇలాంటి కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్ల ఫోటోలకు వంక పెట్టడానికి లేదు. చిక్కంతా ఆ 600 డాలర్లతోనే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు చదువు రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. బయట సొంతంగా డబ్బు తీసుకుని ఫంక్షన్లు చేస్తే అది అనుమతి లేని పని. చదువయ్యాక వచ్చే ఓపీటీ అనే పని అనుమతితో ఆ బెంగ తీరుతుందని చాలామంది నమ్ముతారు. కానీ ఓపీటీ మీద చేసే పని చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ డిగ్రీతో వచ్చిన ఓపీటీ పెళ్లి ఫోటోలకు పనికిరాదు. రేపు హెచ్-1బికో, ఆ తర్వాత గ్రీన్ కార్డుకో దరఖాస్తు పెట్టే రోజున ఆ శనివారాలు ఎదురొస్తాయి. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా అడిగేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలని అమెరికా కోరుతోంది. 'బుకింగ్స్ ఓపెన్' అని ఇన్‌స్టాలో పెట్టిన పోస్టు తేదీతో సహా అక్కడే ఉంటుంది.

చేతిలో ఇంత పని ఉన్న పిల్లలు ఇలా చిక్కుకోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. లెన్స్ కొనే ముందు పది రివ్యూలు చదివేవాళ్లు వీసా దగ్గరికొచ్చేసరికి రూమ్మేట్ మాట మీద నడిచేస్తారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. విదేశంలో ఏళ్ల తరబడి ఉండి, కెమెరా మీదే బతకాలనుకునే ప్రతి తెలుగు ఫోటోగ్రాఫర్ కోసం కూడా.

దేశం కన్నా ముందు మూడు ప్రశ్నలు

"అమెరికా వీసా ఎలా వస్తుంది?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. వీసాను పనిని బట్టి వెతకాలి. ఏ దేశపు నిబంధనలు తీసి చూసినా, ఫోటోగ్రాఫర్ విషయంలో అవి మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

మొదటిది, షట్టర్ నొక్కే చోటు ఎక్కడ? సాఫ్ట్‌వేర్ మనిషి విజయవాడలో కూర్చుని చికాగో పని చేయగలడు. ఫోటోగ్రాఫర్ అలా చేయలేడు. చికాగో పెళ్లి తీయాలంటే చికాగోలోనే నిలబడాలి. అందుకే చాలా దేశాల దృష్టిలో ఫోటో తీయడం 'అక్కడే చేసిన పని' కిందికి వస్తుంది. ఎడిటింగ్, కలర్ కరెక్షన్, ఆల్బమ్ డిజైనింగ్ సంగతి వేరు. అవి ఎక్కడ కూర్చునైనా చేయొచ్చు.

రెండోది, డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తుంది? హైదరాబాద్ పత్రిక జీతమిచ్చి న్యూయార్క్ పంపడం ఒక రకం. న్యూయార్క్ కుటుంబం డబ్బిచ్చి బర్త్‌డే తీయించుకోవడం ఇంకో రకం. ఫోటో ఒకేలా ఉండొచ్చు, వీసా మాత్రం మారిపోతుంది.

మూడోది, పూచీ ఎవరిది? జీతమిచ్చే యజమానా, ఏజెంటా, కళారంగంలోని సంస్థా, లేక ఫోటోగ్రాఫర్ బ్యాంకు ఖాతాయేనా? 1968లో ప్రాగ్ వీధుల్లోకి దూసుకొచ్చిన సోవియట్ ట్యాంకులను ఫోటోలు తీసిన జోసెఫ్ కౌడెల్కా, 1970లో ఇంగ్లండ్ చేరింది మాగ్నమ్ ఫోటో సంస్థ సిఫార్సుతో దొరికిన మూడు నెలల వీసా మీదే. ఆ తర్వాత అక్కడే రాజకీయ ఆశ్రయం కోరి పదేళ్లకు పైగా ఉండిపోయాడు. ఫోటోలు ఎంత గొప్పవైనా, ఆయన పక్షాన ఒక సంస్థ నిలబడి మాట చెప్పాల్సి వచ్చింది.

ఈ మూడింటికీ తలా ఒక వాక్యంలో కాగితం మీద జవాబు రాసుకుంటే సగం వీసాలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మిగిలినవాటినే దేశాలవారీగా చూడాలి.

అమెరికా: కార్డు మీద తేదీ

అమెరికాలో పూర్తిగా పనికి అడ్డొచ్చే వీసాలు కొన్ని, షరతులతో తలుపు తీసేవి కొన్ని.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టిన కంపెనీకే పని చేయాలి. వీకెండ్‌లో డబ్బు తీసుకుని ఫంక్షన్ చేస్తే, ఐటీ జీతం ఎంత పెద్దదైనా, అది నిబంధన దాటడమే. బి-1 విజిటర్ వీసాలో స్టిల్ ఫోటోగ్రాఫర్లకు ఒక చిన్న వెసులుబాటు ఉంది. అమెరికా నుంచి ఆదాయం రానంతవరకు ఫోటోలు తీసుకోవడానికి రావచ్చు. గ్రాండ్ కాన్యన్ మీద సొంత పుస్తకం వేసుకునే గుంటూరు ఫోటోగ్రాఫర్‌కు ఇది సరిపోవచ్చు కానీ దీర్ఘకాలం ఉండడానికి పనికిరాదు. పత్రికకో, చానల్‌కో వార్తా ఫోటోలు తీసేవాళ్లకు ఐ వీసా అని విడిగా ఉంది.

తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా కనిపించేది హెచ్-4. భర్తదో, భార్యదో హెచ్-1బి అయితే తోడు వచ్చినవాళ్లకిచ్చే వీసా. ఒక్క హెచ్-4తో పని చేయడానికి వీల్లేదు. 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, గ్రీన్ కార్డు దారిలో ఐ-140 పిటిషన్ ఆమోదం పొందినవాళ్ల జీవిత భాగస్వాములు పని అనుమతి కార్డు, అంటే ఈఏడీ, తెచ్చుకోవచ్చు. ఆ కార్డుంటే ఉద్యోగమైనా చేయొచ్చు, సొంత స్టూడియో అయినా పెట్టుకోవచ్చు. ఇండియాలో వదిలేసి వచ్చిన ఉద్యోగాల స్థానంలో న్యూబార్న్ ఫోటోలు, సీమంతాలు, బారసాలలు తీస్తూ సొంత పేరు తెచ్చుకున్న ఆడపిల్లలకు ఆ కార్డు కేవలం ఒక ప్లాస్టిక్ ముక్కలా కనిపించదు. నాలుగైదేళ్లు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాక మళ్లీ సొంత సంపాదన చేతికొచ్చిన రోజు అది.

అందుకే ఆ కార్డు మీది తేదీని చాలా జాగ్రత్తగా చూసుకోవాలి. ఒకప్పుడు గడువులోగా రెన్యువల్‌కు పెట్టుకుంటే, దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 పత్రం తేదీ దాటకుండా పాత కార్డుకు దానంతటదే పొడిగింపు దొరికేది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన రెన్యువల్ దరఖాస్తులకు ఆ సౌకర్యం తీసేశారు. ఇప్పుడు కొత్త కార్డు రాకముందే పాతది ముగిస్తే, ఆ మర్నాటి నుంచి కెమెరా పక్కన పెట్టాల్సిందే. పెళ్లి వాళ్లేమో ఏడాది ముందే బుక్ చేసుకుంటారు. వచ్చే ఏడాది ఫిబ్రవరి ముహూర్తానికి అడ్వాన్స్ తీసుకునే ముందు కార్డు గడువు చూసుకోవాలి. గడువు దాటిన తేదీ అయితే, పని అనుమతి ఉన్న మరో ఫోటోగ్రాఫర్ వచ్చి తీస్తారన్న షరతు అగ్రిమెంటులోనే రాసుకోవాలి. తలంబ్రాల వేళకు ఫోటోగ్రాఫర్ లేడని తెలిస్తే ఆ ఇంటి పరిస్థితి ఏంటో ఈ పనిలో ఉన్న ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

ఇక కెమెరా పనినే ఆధారం చేసుకుని వెళ్లే దారి ఓ-1బి. కళల్లో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల కోసం ఉద్దేశించిన ఈ వీసాకు ఏడాదికి ఇన్ని అనే పరిమితి లేదు, లాటరీ లేదు. మొదట మూడేళ్ల దాకా ఇస్తారు, తర్వాత ఏడాది చొప్పున పొడిగిస్తారు. దీనికి ఫోటోగ్రాఫర్ సొంతంగా దరఖాస్తు పెట్టుకోలేడు. అమెరికాలోని యజమానో, ఏజెంటో పెట్టాలి. ఫ్రీలాన్సర్లు సాధారణంగా ఏజెంటు ద్వారానే వెళ్తారు. రాబోయే పనులేంటి, ఎవరితో ఒప్పందాలు కుదిరాయి, ఏ తేదీల్లో అనే వివరాలు జతచేయాలి. పెద్ద జాతీయ లేదా అంతర్జాతీయ అవార్డు లేకపోతే, చట్టం చెప్పిన ఆరు రకాల రుజువుల్లో కనీసం మూడు చూపించాలి. పత్రికల్లో ఫోటోగ్రాఫర్ పని గురించి వచ్చిన వ్యాసాలు, పేరున్న సంస్థలకు ముఖ్యమైన హోదాలో చేసిన పని, నిపుణుల గుర్తింపు, తోటివాళ్ల కన్నా ఎక్కువ పారితోషికం లాంటివి అందులో ఉన్నాయి. ఇన్‌స్టాలో లక్ష మంది ఫాలోవర్లున్నారన్న ఒక్క మాటతో ఆ గడప దాటలేరు. ఇంకో సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ఓ-1 మీద వెళ్లినవాళ్ల జీవిత భాగస్వామికి వచ్చే ఓ-3 మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు.

సిఫార్సు ఉత్తరం విలువ ఏంటో రాబర్ట్ ఫ్రాంక్ కథ చెబుతుంది. స్విట్జర్లాండ్‌లో పుట్టి 1947లో అమెరికా చేరిన ఫోటోగ్రాఫర్ ఆయన. 1955లో దక్కిన గగ్గెన్‌హైమ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు అప్పటికే పేరు మోసిన ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ వెనక నిలబడ్డాడు. ఫెలోషిప్ డబ్బుతో ఫ్రాంక్ కారేసుకుని దేశమంతా తిరిగాడు. అదే ఏడాది నవంబర్‌లో ఆర్కాన్సాలో పోలీసులు కారాపి, కెమెరాలు, పరాయి యాస చూసి అనుమానపడి, గంటల తరబడి లాకప్పులో ఉంచి ప్రశ్నించారు. ఆ ప్రయాణాల్లో తీసిన వేల ఫ్రేముల్లోంచి 83 ఎంచి వేసిన 'ది అమెరికన్స్' 1958లో పారిస్‌లో, 1959లో అమెరికాలో వెలువడింది. ఫోటోగ్రఫీ చదివే ఎవరూ ఇప్పుడు ఆ పుస్తకాన్ని దాటి వెళ్లలేరు. ఒకచోట ఎవాన్స్ మాట తలుపు తీసింది, ఇంకోచోట యాస, కెమెరాలు లాకప్పు దాకా తీసుకెళ్లాయి. పరాయి దేశంలో కెమెరా పట్టుకున్న మనిషికి ఈ రెండూ నేటికీ ఎదురయ్యేవే.

బ్రిటన్: ఇరవై గంటలు, ఐదు వేల పౌండ్లు

బ్రిటన్‌లో తెలుగు విద్యార్థులు పట్టించుకోని పదం ఒకటుంది: సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్. డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయొచ్చన్న మాట అందరికీ తెలుసు. ఆ 20 గంటలు ఎవరో ఒకరి దగ్గర ఉద్యోగిగానే చేయాలని, సొంతంగా వ్యాపారం చేయకూడదని మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. ఒక స్టూడియోలో జీతానికి చేరి, పే స్లిప్ తీసుకుని, గంటలు లెక్క పెట్టుకుంటూ పని చేయొచ్చు. అదే కెమెరాతో ఈస్ట్ హామ్‌లో ఓ గృహప్రవేశాన్ని సొంత బుకింగ్ కింద తీస్తే వీసా షరతు తప్పినట్టే. ఒక్క గంట చేసినా అంతే.

చదువు పూర్తయ్యాక గ్రాడ్యుయేట్ వీసాలో ఆ అడ్డు తొలగిపోతుంది. ఉద్యోగం, ఫ్రీలాన్స్ రెండూ చేయొచ్చు. మామూలుగా దాని గడువు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి పెట్టే దరఖాస్తులకు, పీహెచ్‌డీ చేసినవాళ్లను మినహాయిస్తే, అది 18 నెలలకు తగ్గుతుంది. కాబట్టి కోర్సు ముగిసే తేదీని బట్టే స్టూడియో లెక్కలు వేసుకోవాలి.

అక్కడ చదవని కుర్రకారుకు ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ మంచి అవకాశం. వయసు 18 నుంచి 30, చేతిలో డిగ్రీ, ఖాతాలో 2,530 పౌండ్లు ఉండాలి. ఏడాదికి 3,000 స్థానాలు, బ్యాలెట్‌లో పేరు రావాలి, బ్యాలెట్‌లో చేరడానికి రుసుము లేదు. వస్తే రెండేళ్లు ఉండి పని చేసుకోవచ్చు. సొంత వ్యాపారం కూడా పెట్టుకోవచ్చు కానీ దానికో షరతుంది. ఆఫీసు అద్దెదై ఉండాలి, ఉద్యోగులను పెట్టుకోకూడదు, సామగ్రి విలువ 5,000 పౌండ్లు దాటకూడదు. ఈ చివరి మాట దగ్గర ఫోటోగ్రాఫర్ ఆగి తన బ్యాగు విప్పి చూసుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ బాడీలు రెండు, 24-70 లెన్స్ ఒకటి, 70-200 ఒకటి, ఫ్లాష్‌లు, డ్రోన్, ఎడిటింగ్ లాప్‌టాప్. కొత్తవైతే ఈ జాబితాకే ఆ గీత దాటిపోతుంది. ఒక బాడీ, రెండు లెన్సులు సొంతానికి ఉంచుకుని, మిగతావి అవసరమైన రోజున అద్దెకు తెచ్చుకోవడం ఇక్కడ తెలివైన పద్ధతి. లండన్‌లో కెమెరా అద్దెకిచ్చే దుకాణాలకు కొదవ లేదు.

కళగా ఫోటోగ్రఫీ చేసేవాళ్లకు పెద్ద తలుపు గ్లోబల్ టాలెంట్ వీసా. 2020 ఫిబ్రవరి 20న మొదలైన ఈ వీసాకు ఉద్యోగం చూపించక్కర్లేదు. కళల విభాగంలో ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఆమోదం కావాలి. ఒకేసారి ఐదేళ్ల దాకా తీసుకోవచ్చు. మూడు సిఫార్సు ఉత్తరాలు జతచేయాలి. వాటిలో రెండు పేరున్న కళాసంస్థల నుంచి రావాలి, అందులో కనీసం ఒకటి బ్రిటన్‌ది అయి ఉండాలి. వీటికి తోడు గత ఐదేళ్ల పనికి సంబంధించిన రుజువులు, అవీ పదికి మించకుండా. గ్యాలరీ ప్రదర్శనలు, పత్రికల్లో సమీక్షలు, అవార్డులు ఉన్నవాళ్లకు ఇది నప్పుతుంది. వందల పెళ్లి ఆల్బమ్‌ల బలం మీద మాత్రమే దీనికి వెళ్తే నిరాశే మిగులుతుంది. పెళ్లిళ్లు తీస్తూనే చేనేత మగ్గాల మీదో, కొల్లేటి పల్లెల మీదో ఏళ్ల తరబడి సొంత ప్రాజెక్టు చేసుకుంటున్నవాళ్లకు ఆ ప్రాజెక్టే వీసా అవుతుంది.

జర్మనీ: కళాకారుడా, చేతివృత్తిదారా?

ఫ్రీలాన్సర్లను పిలిచి వీసా ఇచ్చే దేశంగా జర్మనీకి పేరుంది. అక్కడి నివాస చట్టం 21వ సెక్షన్ స్వయం ఉపాధికి దారి చూపిస్తుంది. అయితే ఫోటోగ్రాఫర్లకు ఆ దారి మొదట్లోనే రెండుగా చీలుతుంది.

ఇద్దరు స్నేహితులు బెర్లిన్ వెళ్లారనుకుందాం. ఒకతను పత్రికలకు ఫోటో కథనాలు చేస్తాడు. జర్మనీ ఆదాయపు పన్ను చట్టం వార్తా ఫోటోగ్రాఫర్‌ను డాక్టర్లు, లాయర్లు, జర్నలిస్టుల సరసన స్వేచ్ఛా వృత్తుల జాబితాలోనే చేర్చింది. కళాత్మకంగా పని చేసే ఫోటోగ్రాఫర్ కూడా ఆ కోవలోకే వస్తాడు. ఇతను ట్యాక్స్ ఆఫీసులో పేరు నమోదు చేసుకుంటే చాలు. రెండో అతను పెళ్లిళ్లు, పోర్ట్రెయిట్లు, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు. చట్టం దృష్టిలో ఇది వ్యాపారం. పైగా జర్మనీలో ఫోటోగ్రఫీ చేతివృత్తుల పట్టికలో ఉంది. కాబట్టి ఇతను ట్రేడ్ ఆఫీసులోనూ, చేతివృత్తుల చాంబర్‌లోనూ నమోదవ్వాలి. వీసా కూడా 21వ సెక్షన్‌లోని వ్యాపార విభాగం కింద చూస్తారు. అక్కడ వ్యాపార ప్రణాళిక, పెట్టుబడి, ఆ ప్రాంతానికి ఆ వ్యాపారం అవసరమా అన్నవి పరిశీలిస్తారు. ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే కెమెరా. దరఖాస్తులో పనిని ఎలా వర్ణించారన్న దాన్ని బట్టి ఇద్దరివీ రెండు దారులయ్యాయి.

వర్ణన అంటే అబద్ధం రాయమని కాదు. తర్వాత పంపే ప్రతి బిల్లూ దరఖాస్తులో రాసినదాంతో సరిపోలాలి కాబట్టి, చేయబోయే పనిని ఉన్నదున్నట్టు రాసి, దానికి తగ్గ విభాగం ఎంచుకోవాలి. ఫ్రీలాన్స్ దారిలో పనివ్వడానికి సిద్ధంగా ఉన్నామని అక్కడి క్లయింట్లు రాసిచ్చిన ఉత్తరాలు చాలా బలం. 45 ఏళ్లు దాటినవాళ్లు ముసలితనానికి సరిపడా పెన్షన్ ఏర్పాటు కూడా చూపించాలి. అనుమతి మొదట మూడేళ్ల దాకా ఇవ్వవచ్చు.

జర్మనీలో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. కళాకారులు, రచయితలు, పాత్రికేయుల కోసం 1983 నుంచి పని చేస్తున్న సామాజిక బీమా నిధి. అందులో చేరితే ఆరోగ్య బీమా, పెన్షన్ చందాల్లో సుమారు సగమే కట్టుకుంటే చాలు, ఉద్యోగుల మాదిరిగా. మిగతా సగం ప్రభుత్వం, కళాకారుల పనిని వాడుకునే సంస్థలు కలిసి భరిస్తాయి. ఏడాదికి 3,900 యూరోల కన్నా ఎక్కువ ఆదాయం ఉండాలి, కొత్తగా వృత్తిలోకి వచ్చినవాళ్లకు మొదటి మూడేళ్లు ఆ షరతు వర్తించదు. ఫోటోగ్రాఫర్‌కు రోగం వస్తే ఎవరు చూస్తారు అని ఒక దేశం ఇంత ముందుచూపుతో ఆలోచించిందంటే సంతోషం వేస్తుంది.

గల్ఫ్: పదో తరగతి దగ్గర ఆగిన చదువు

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ. ఈ ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. వెళ్లేవాళ్లలో స్టూడియో కుర్రాళ్లూ ఉంటారు. చాలామంది ఎనిమిదిలోనో, తొమ్మిదిలోనో బడి మానేసి లైట్ బాయ్‌గా మొదలై కెమెరా దాకా ఎదిగినవాళ్లు. వాళ్లకు వీసా కన్నా ముందు పాస్‌పోర్టు దగ్గరే ఒక గేటు ఉంటుంది.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కోవలోకి వస్తాయి. అలాంటివాళ్లు 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనూ ఉంది. ఈ 18లో యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌తో పాటు మలేసియా, థాయ్‌లాండ్, ఇండోనేసియా కూడా ఉన్నాయి. చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది. వ్యక్తిగతంగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, గుర్తింపు పొందిన సంస్థ నుంచి రెండేళ్ల డిప్లొమా ఉన్నవాళ్లు పదో తరగతి లేకపోయినా ఈసీఆర్ నుంచి మినహాయింపు పొందవచ్చు. బడి మానేసిన ఫోటోగ్రాఫర్‌కు ఏటా కట్టే ఇన్‌కమ్ ట్యాక్సే పదో తరగతి సర్టిఫికెట్ పని చేసిపెడుతుంది.

యూఏఈలో దీర్ఘకాలం ఉండాలంటే మూడు దారులు. మొదటిది, కంపెనీ ఇచ్చే ఎంప్లాయ్‌మెంట్ వీసా. అక్కడ విడిగా ఫ్రీలాన్స్ పని చేయాలంటే దానికి మళ్లీ అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా పని చేయించుకునే యజమానికి 2024లో జరిమానాను లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా ఉండేలా పెంచారు. విజిట్ వీసా మీద వచ్చి పెళ్లి తీసి వెళ్లిపోదామనుకునేవాళ్లను పిలవడానికి అక్కడి ఈవెంట్ వాళ్లు ఇప్పుడు జంకుతారు. రెండోది, ఫ్రీలాన్స్ పర్మిట్. దుబాయ్ మీడియా సిటీ లాంటి ఫ్రీ జోన్లు ఫోటోగ్రాఫర్లకు దీన్ని ఇస్తాయి. మూడోది, ఐదేళ్ల గ్రీన్ వీసా. దీనికి స్పాన్సర్ అక్కర్లేదు. ఫ్రీలాన్స్ పర్మిట్‌తో పాటు డిగ్రీ గానీ ప్రత్యేక డిప్లొమా గానీ ఉండాలి, గత రెండేళ్లలో స్వయం ఉపాధి ఆదాయం ఏడాదికి 3,60,000 దిర్హమ్‌లకు తగ్గకూడదు, లేదా అక్కడ ఉన్నన్నాళ్లూ సరిపడా ఆర్థిక స్తోమత చూపాలి.

ఊళ్లోనే ఏజెంటు చేతికి డబ్బిచ్చే ముందు, 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అతనికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఫోటోగ్రాఫర్ ఉద్యోగమని చెప్పి వీసాలో క్లీనర్ అని వేయించుకొచ్చే పని ఒప్పుకోకూడదు. అక్కడ కెమెరా పట్టుకున్న రోజున ఆ కాగితమే ఎదురు సాక్ష్యం చెబుతుంది.

లాప్‌టాప్ వీసాలు

ఈ మధ్య డిజిటల్ నోమాడ్ వీసాల పేరు బాగా వినిపిస్తోంది. పోర్చుగల్ 2022 అక్టోబర్‌లో డి8 వీసా మొదలుపెట్టింది. అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు నెల ఆదాయం చూపాలి. స్పెయిన్ వీసాలో కనీస వేతనానికి రెట్టింపు చాలు. థాయ్‌లాండ్ 2024 జులైలో డీటీవీ అనే ఐదేళ్ల వీసా తెచ్చింది. ఒక్కో రాకకు 180 రోజులు, బ్యాంకులో 5 లక్షల బాత్‌లు చూపాలి.

వీటన్నిటి మూల సూత్రం ఒకటే: సంపాదన బయటి నుంచి రావాలి. ఇక్కడే మొదటి ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే మనిషి, ఇండియా స్టూడియోలకు కలర్ గ్రేడింగ్ చేసే మనిషి, స్టాక్ ఫోటోలు అమ్ముకునే మనిషి లిస్బన్‌లో హాయిగా ఉండొచ్చు. ఫుకెట్ బీచ్‌లో స్థానిక హోటల్ డబ్బిచ్చే షూట్‌కు డీటీవీ సరిపోదు, థాయ్ వర్క్ పర్మిట్ కావాలి. స్పెయిన్ మాత్రం స్వయం ఉపాధివాళ్లకు ఆదాయంలో 20 శాతం దాకా స్పానిష్ క్లయింట్ల నుంచి రానిస్తుంది. మరో లెక్క కూడా మర్చిపోకూడదు. ఏడాదిలో 183 రోజులు దాటి ఉంటే చాలా దేశాలు అక్కడే పన్ను కట్టమంటాయి.

తెరిచిన తలుపులు మూసుకుంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఫోటోగ్రాఫర్లు సొంతంగా దరఖాస్తు పెట్టుకుని స్థిరపడగలిగిన కెనడా సెల్ఫ్ ఎంప్లాయ్డ్ పర్సన్స్ ప్రోగ్రామ్‌కు 2024 ఏప్రిల్ 30న కొత్త దరఖాస్తులు ఆపేశారు. 2027 జనవరి దాకా తీసుకోబోమని అప్పట్లో చెప్పారు. అదే 2024లో ఆస్ట్రేలియా 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు ఏడాదికి 1,000 వర్క్ అండ్ హాలిడే వీసాలు బ్యాలెట్ ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. అందుకే దరఖాస్తు పెట్టే వారంలోనే ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్ ఇంకోసారి చదవాలి. స్నేహితుడు రెండేళ్ల కింద వెళ్లిన దారి ఇప్పుడు అలాగే ఉందనుకోకూడదు.

ఊళ్లోనే మొదలయ్యే ఫైలు

ఇన్ని దేశాల నిబంధనలు పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిటిలో ఒకే కోరిక కనిపిస్తుంది. చేసిన పనికి, వచ్చిన డబ్బుకి కాగితం చూపించమంటాయి. మన ఫోటోగ్రాఫర్లు తడబడేది అక్కడే. పెళ్లికి మూడు లక్షలు మాట్లాడుకుంటారు. యాభై వేలు ఫోన్ పే, మిగతాది నగదు. అగ్రిమెంటు అంటే వాట్సాప్‌లో ఒక బొటనవేలి గుర్తు. పదేళ్ల అనుభవం ఉన్నా, బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే ఆ మనిషి నిన్ననే పని మొదలుపెట్టినట్టు ఉంటుంది.

దీన్ని సరిదిద్దడానికి వీసా అక్కర్లేదు, రెండు మూడేళ్ల ముందుచూపు కావాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లోనే అవుతుంది. ప్రతి పనికీ నంబరు వేసిన బిల్లు ఇవ్వాలి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ఉన్నంత ఆదాయమూ చూపించి రిటర్న్ వేయాలి. పత్రికలో ఫోటో వస్తే పేరు, తేదీ కనిపించేలా ఆ పేజీ మొత్తం దాచుకోవాలి. ప్రదర్శన పెడితే ఆహ్వాన పత్రం, బ్రోచర్, సందర్శకుల పుస్తకం భద్రపరచాలి. సిఫార్సు ఉత్తరం అవసరమైన రోజున అడగడం కన్నా, కలిసి పని చేసిన నెలలోనే అడగడం మేలు. ఏ షూట్‌లో ఏం చేశారో వాళ్లకు అప్పుడు బాగా గుర్తుంటుంది. ఎయిర్‌పోర్టులో బయల్దేరే ముందు కస్టమ్స్ కౌంటర్ దగ్గర కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చినప్పుడు అవి కొత్తగా కొన్నవా అన్న ప్రశ్న రాదు.

పాత ఊరి స్టూడియోల్లో ఇందులో చాలా భాగం అలవాటుగానే ఉండేది. కౌంటర్ మీద కార్బన్ పేపర్ పెట్టిన బిల్లు పుస్తకం, పక్కన గీతలు కొట్టిన ఆర్డర్ రిజిస్టరు. వరుస నంబరు, పేరు, ఊరు, ఫంక్షన్, తేదీ, అడ్వాన్స్, బాకీ. డాలస్ కుర్రాడి మేనమామ దుకాణంలో అలాంటి రిజిస్టర్లు ఇంకా అటక మీద ఉండే ఉంటాయి. ఆ కుర్రాడు వచ్చే సెలవుల్లో ఊరికొచ్చినప్పుడు ఒకటి కిందికి దింపి, దుమ్ము దులిపి, ఆ గడులు చూసుకుని, చివర ఇంకో రెండు గడులు గీసుకోవచ్చు: డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చింది, ఆ రోజుకు చేతిలో ఏ అనుమతి ఉంది. సీమంతానికి పిలుపొచ్చిన రోజున ఆ చివరి గడి నింపగలిగితేనే అడ్వాన్స్ తీసుకోవాలి.